అననీయ నోరే విప్పలేదు, మరి అబద్ధం ఎక్కడ ఆడాడు?

అందరికీ వందనాలండి. ఈరోజు ఒకే ఒక్క గ్రీకు మాట చూద్దాం, ప్సూడోస్. సూడో సైన్స్ అంటాం చూడండి, ఆ సూడో ఇక్కడిదే. మన తెలుగు బైబిల్లో ఇది అబద్ధం అనో అసత్యం అనో కనిపిస్తుంది, అంతవరకు అందరికీ తెలుసు. నాకు బాధ కలిగించేది వేరే. "నేను అబద్ధం చెప్పలేదు బ్రదర్, వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు అంతే" అని చాలామంది విశ్వాసులు గుండె మీద చెయ్యేసుకుని అంటారు, అంటే నోట్లోంచి మాట బయటికొస్తేనే అబద్ధం, రాకపోతే మన ఖాతాలో ఏమీ లేదని లెక్క. బైబిల్లో ఈ లెక్క ఎక్కడా లేదండి.

అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం తీయండి. అననీయ, అతని భార్య సప్పీరా. కథ చెప్పను, సండే స్కూల్ నుంచి వింటున్నదే. ఒక్కటి మాత్రం చూడండి, 1వ వచనం నుంచి 5 దాకా మెల్లగా చదివి, అందులో అననీయ అన్న మాట ఒక్కటి వెతికి చూపించండి. లేదు! పొలం అమ్మాడు, వెలలో కొంత దాచుకున్నాడు, మిగతాది తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టాడు. మాట్లాడిందంతా పేతురే. అయినా పేతురు "నీవు మనుష్యులతో కాదు దేవునితోనే అబద్ధమాడితివి" అంటాడు. అక్కడ గ్రీకులో ఉన్న క్రియ మన ప్సూడోస్‌కి సొంత ఇంటిదే. అదే క్రియ పై వచనంలో కూడా ఉంది, అక్కడ మన తెలుగు బైబిల్ "పరిశుద్ధాత్మను మోసపుచ్చుటకు" అని రాసింది. ఒకే క్రియ, ఒక చోట మోసం, ఇంకో చోట అబద్ధం. నాకైతే రెండూ సరైన అనువాదాలే అనిపిస్తాయి, ఎందుకంటే ఆ క్రియలో రెండూ ఉన్నాయి.

మరి మాటే లేనప్పుడు అబద్ధం ఎక్కడుంది? 4వ అధ్యాయం చివరికి వెళ్లండి. కుప్రకు, అంటే సైప్రస్ దీవికి చెందిన లేవీయుడు, బర్నబా, భూమి అమ్మి డబ్బు తెచ్చి పాదాల దగ్గర పెట్టాడు. అధ్యాయం మారింది కదా అని మనం అక్కడ ఆగిపోతాం గానీ ఈ పుస్తకం రాసిన లూకా ఆగలేదు, వెంటనే అననీయను తెచ్చి పక్కన నిలబెట్టాడు. అదే పని, అదే చోటు. బర్నబా అలా పెట్టడం చూసిన సంఘానికి, అననీయ కూడా అలాగే పెడితే ఏమర్థమౌతుంది? మొత్తం ఇచ్చేశాడనే కదా. ఆ డబ్బు దొంగ డబ్బు కాదు, పొలం అతనిదే, అమ్మాక ఆ సొమ్మూ నీ చేతిలోనే ఉంది కదా అని పేతురే అన్నాడు, సగమే ఇచ్చి సగమే అని చెప్పినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. పాదాల దగ్గర పెట్టిన ఆ పెట్టడమే అబద్ధం ఆడింది. ఇంచుమించు మూడు గంటల తర్వాత సప్పీరా వచ్చి "అవును ఇంతకే" అని నోటితో చెప్పింది. ఆమె చెప్పింది, అతను చేశాడు, లూకా ఇద్దరికీ తేడా చూపించలేదు.

ఇంకో సంగతి, ఇది కొంతమంది బోధకులు కావాలనే వదిలేస్తారు. గ్రీకువాళ్ల వాడుకలో ప్సూడోస్‌కి మోసపు ఉద్దేశం ఉండి తీరాలని లేదు. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఉన్నదాన్ని లేదనడం, లేనిదాన్ని ఉందనడం ప్సూడోస్ అంటాడు, అంటే తెలియక తప్పు చెప్పినా అదే మాట. కాబట్టి డిక్షనరీలో ఈ మాట చూపించి, తమతో ఏకీభవించని ప్రతి పాస్టర్‌నీ మోసగాడని ముద్ర వేయడం అన్యాయం. ఉద్దేశం ఉందా లేదా అనేది సందర్భం చెప్తుంది, అననీయ విషయంలో "దాచుకొని" అనే మాట చెప్పింది.

ఇప్పుడు పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 4:25. తెలుగులో "అబద్ధమాడుట మాని" అని ఉంది, చదవగానే మళ్లీ నోరే గుర్తొస్తుంది. గ్రీకులో ఆడుట లేదండి, "ఆ అబద్ధాన్ని తీసి పెట్టేసి" అని ఉంది, ప్సూడోస్ అక్కడ ఒక వస్తువులా ఉంది. తీసి పెట్టడం అనే ఆ క్రియే స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు సాక్షులు తమ వస్త్రాలు తీసి సౌలు పాదాల దగ్గర పెట్టిన చోట కూడా వస్తుంది. అంటే ఒంటి మీద వేసుకుని తిరిగేది అన్నమాట. అననీయ ఆ రోజు వేసుకొచ్చింది బర్నబా వేషం. దాన్ని విప్పేసి ఆ తర్వాత పొరుగువాడితో సత్యం మాట్లాడమంటున్నాడు పౌలు, వరుస చూడండి, ముందు విప్పడం, తర్వాతే మాట.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. రోమా 1:25, విగ్రహాలకు మొక్కినవాళ్లు దేవుని సత్యాన్ని అసత్యానికి మార్చారు, అక్కడా ప్సూడోసే. దీని వెనక యెషయా 44 ఉందని నేననుకుంటాను, అక్కడ ఒకడు చెట్టు నరికి సగం కట్టెలతో రొట్టె కాల్చుకుని, మాంసం వండుకుని, చలి కాచుకుని, మిగిలిన దాన్ని దేవుడని మొక్కుతాడు, చివర్లో "నా కుడిచేతిలో అబద్ధమున్నది" అని గ్రహించలేకపోయాడంటాడు ప్రవక్త, అక్కడ గ్రీకు పాత నిబంధనలో ఉన్నది ప్సూడోసే. అబద్ధం చేతిలో ఉంది, నోట్లో కాదు. దయచేసి దీన్ని పక్కవాళ్ల మతం మీద రాయి విసరడానికి వాడకండి, పౌలు రోమా పత్రిక 2వ అధ్యాయం మొదలుపెట్టిందే తీర్పు తీర్చేవాడివైపు తిరిగి.

యోహాను 8:44, అపవాది అబద్ధానికి జనకుడు, అది విడిగా ఒక వీడియో చేయాలి. ప్రకటన 22:15లో "అబద్ధమును ప్రేమించి జరిగించు ప్రతివాడును" అని ఉంది, జరిగించు అనే మాట దగ్గర ఆగి, మళ్లీ అననీయ దగ్గరికి వెళ్లి చదవండి.

ప్రకటన 14:5లో "వీరినోట ఏ అబద్ధమును కనబడలేదు" అన్నచోట కొన్ని రాతప్రతుల్లో ప్సూడోస్ బదులు దోలోస్ ఉంటుంది, అంటే కపటం, తన దగ్గరికి వచ్చిన నతనయేలు అనే అతనిలో లేదని యేసు చెప్పింది అదే. వచ్చే వీడియో దాని మీదే, ఈలోపు యోహాను 1:47 చదివి ఉంచండి.