స్టూవర్టుపురం: నేరం జరగకముందే నిఘా

అందరికీ నమస్కారం. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురాన్ని మన సినిమాలు దొంగల ఊరుగానే చూపించాయి. అసలు ఆ ఊరు ఎలా పుట్టిందో చూస్తే, నేరాల అదుపు పేరుతో సర్కారు ఎంత దూరం వెళ్లగలదో అర్థమవుతుంది.

ఫ్రెంచ్ తత్వవేత్త మిషెల్ ఫూకో అధికారంలో రెండు రకాలు చూశాడు. పాతది రాజుల నాటిది, తప్పు చేసినవాణ్ణి నలుగురి ముందూ శిక్షిస్తుంది. తర్వాత వచ్చినది మనిషి పేరు రాసుకుంటుంది, వేళలు పెడుతుంది, ఎక్కడున్నాడో కనిపెట్టుకుని ఉంటుంది. అతను తప్పు చేసేదాకా ఆగదు.

1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం సరిగ్గా ఇదే. కులం మొత్తాన్నీ నేరస్తులుగా ప్రకటించొచ్చు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఇక్కడ ఎరుకల వాళ్లు దొరికారు. పశువుల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా అమ్ముకునే జనం వాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగి ఆ బేరం దెబ్బతింది. బతుకుతెరువు పోయినవాళ్లకు దొంగలనే ముద్ర పడింది. వాళ్లను తెచ్చి సెటిల్‌మెంట్‌లో, అంటే నిఘాలో ఉంచే కాలనీలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ పేరే ఊరికి పెట్టారు. వేలిముద్రలు, వేళకు హాజరు, ఊరు దాటాలంటే పాస్. బడి పెట్టారు, భూమి ఇచ్చారు కదా అంటారు కొందరు. నిజమే. కానీ అక్కడే పుట్టిన పిల్లవాడు ఏం నేరం చేశాడని?

ఆ చట్టం 1952లో రద్దయింది. పద్ధతి మాత్రం పోలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టాల్సిన మనిషి మీద పోలీసులు రాసుకునే రికార్డు, తెరిచారు. అర్ధరాత్రి పోలీసులు వచ్చి తలుపు కొట్టి నిద్ర లేపేవాళ్లు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళితే, 1962లో కోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టేసి, మిగతా నిఘాను ఉండనిచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కే అని అదే కోర్టు చెప్పడానికి 2017 దాకా పట్టింది.

మన ఊళ్లలో రౌడీ షీట్ ఈ దారిలోనే నడుస్తోంది. ఎన్నికలొస్తే స్టేషన్‌కు పిలుపు, పండగొస్తే బైండోవర్, అంటే గొడవ చెయ్యనని పూచీకత్తు రాయించుకోవడం. పోలీసులకు అనుమానించే అధికారం ఉండాలి, నేను కాదనను. కానీ షీట్ ఎందుకు తెరిచారో, ఎప్పుడు మూసేస్తారో ఆ మనిషికి రాతపూర్వకంగా చెప్పాలి. అభ్యంతరం ఉంటే వినడానికి పోలీసు కాని ఒక అధికారి ఉండాలి.