ఇటుకలు పట్టిన చేతులు: జెర్రీ రైస్ సంగతి

నమస్తే అండీ. మొన్న అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, అదే సూపర్ బౌల్, చూడ్డానికి ఓ పదిమందిమి ఒకరింట్లో చేరాం. బిర్యానీ అయ్యాక ఓ అన్నయ్య సోఫాలో వాలి అన్నాడు: "వైడ్ రిసీవర్‌కేముందిరా, పరిగెత్తడం, బంతి పట్టుకోవడం. ఉసేన్ బోల్ట్‌ని దింపితే సరిపోదూ?" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఈ వీడియో ఆ అన్నయ్య కోసమే. టచ్‌డౌన్, డౌన్లు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అన్నయ్యా, పరుగే అంతా అయితే 1985 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునేచోట, జెర్రీ రైస్‌ అనే వైడ్ రిసీవర్ 16వ స్థానం దాకా ఎందుకు మిగిలాడు? 40 గజాల పరుగులో అతనిది మెరుపు వేగమేమీ కాదు. చదివింది మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే చిన్న యూనివర్సిటీలో. అతనికంటే ముందు ఇద్దరు రిసీవర్లను ఎగరేసుకుపోయారు. జెట్స్ జట్టు వాళ్ళు అల్ టూన్‌ని, బెంగాల్స్ జట్టు వాళ్ళు ఎడ్డీ బ్రౌన్‌ని. ఈ బెంగాల్స్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

[తెర మీద: మిసిసిపీ మ్యాపు, క్రాఫర్డ్ ఊరు]

రైస్ నాన్న తాపీ మేస్త్రీ. వేసవి వస్తే కొడుకులంతా పనిలోకే. కింద నుంచి అన్నదమ్ములు ఇటుకలు విసురుతుంటే పైన జెర్రీ అందుకునేవాడు. మన దగ్గర ఇల్లు కట్టేచోట చూసే ఉంటారుగా? ఒకసారి గుర్తుచేసుకోండి. కిందవాడు "పట్టుకో" అని అరవడు. అసలు పైకే చూడడు. విసిరేసి, తర్వాతి ఇటుక కోసం వంగిపోతాడు. ఆ లయలో నీ చెయ్యి అక్కడ ఉండాలి, అంతే. చెయ్యి బిగబట్టి ఆపితే వేళ్ళు చితుకుతాయి. ఇటుకతో పాటు చేతిని కాస్త వెనక్కి పోనివ్వాలి.

రిసీవర్ పని సరిగ్గా ఇదే. అతను తిరిగి చూసేలోపే క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, బంతి వదిలేస్తాడు. మనిషి వైపు కాదు, మనిషి చేరబోయే చోటుకి. ఐదో అడుగులో తిరగాల్సినవాడు ఆరో అడుగులో తిరిగాడా, ఇటుక కిందపడినట్టే. రైస్‌ని తీసుకున్న 49ఎర్స్ జట్టుతో కోచ్ బిల్ వాల్ష్ ఆడించిన ఆటంతా ఈ లయ మీదే నడిచింది. చిన్న పాసు, సరైన క్షణం, ఆ తర్వాత పరుగు. ఇటుక పట్టి మురిసిపోతూ నిలబడితే మేస్త్రీ ఊరుకుంటాడా? వెంటనే తిరిగి పెట్టాల్సినచోట పెట్టాలి. రైస్ ప్రాక్టీసులో కూడా చిన్న పాసు పట్టి ఆగేవాడు కాదు, ఎండ్ జోన్ దాకా, అంటే టచ్‌డౌన్ వచ్చే మైదానం చివరి దాకా, పరిగెత్తేవాడు.

మొదటి సీజన్‌లో మాత్రం బంతులు బాగానే జారవిడిచాడు, సొంత ప్రేక్షకులే గేలి చేశారు. డిసెంబరులో రామ్స్ జట్టు మీద ఒక్క మ్యాచ్‌లో, పట్టిన బంతులతో 241 గజాలు ముందుకెళ్ళాడు. గేలి ఆగింది. 1987లో ఆటగాళ్ళ సమ్మె జరిగిన సీజన్, 12 మ్యాచుల్లో 22 టచ్‌డౌన్ క్యాచ్‌లు!

ఇక బెంగాల్స్. 1989 జనవరి, మయామి, సూపర్ బౌల్. వాళ్ళు వద్దనుకున్న ఈ కుర్రాడు వాళ్ళ మీదే 11 క్యాచ్‌లు, 215 గజాలు, ఎంవీపీ (మ్యాచ్‌లో మేటి ఆటగాడి అవార్డు). అయితే నాకు అంతకన్నా ఇష్టమైంది చివర్లో వచ్చిన ఒక బంతి. 34 సెకన్లు మిగిలాయనగా గెలిపించిన టచ్‌డౌన్ పట్టింది జాన్ టేలర్. బంతి ఆటలోకి రాకముందు రైస్ రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడే గీత వెంబడి కదిలాడు, బెంగాల్స్ కళ్ళు అతని మీద. తన వైపు ఇటుక రాదని తెలిసినా చేతులు చాచి నిలబడ్డం కూడా పనే. దీన్ని ఏ స్కోర్‌కార్డూ రాయదు, నాకు ఒళ్ళు మండేది అక్కడే.

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా చెప్పేస్తా. మూడు సూపర్ బౌల్స్ గెలిచాడు. 1997లో మోకాలి లిగమెంటు తెగింది, అదే ఏడాది డిసెంబరులో తిరిగొచ్చాడు, వచ్చిన మ్యాచ్‌లోనే మోకాలి చిప్ప విరిగింది. తర్వాత రైడర్స్ జట్టుకి మారాడు. 2002లో, 40 ఏళ్ళు నిండిన సీజన్‌లో, 1,211 గజాలు. ఆపై సియాటెల్ జట్టు. 2005లో డెన్వర్ జట్టులో మొదటి ముగ్గురు రిసీవర్లలో చోటు లేదని తెలిశాక రిటైర్మెంట్. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్.

ఒక మచ్చ కూడా చెప్పాలి. గ్లవ్స్‌కి నిషేధించిన జిగురు కొంచెం రాసుకునేవాడినని 2015లో తనే ఒప్పుకున్నాడు. అందరూ రాసుకునేవాళ్ళే అన్నాడు. కావచ్చు, తప్పు తప్పే. ఇటుకలకి జిగురెందుకు రాసుకోలేదయ్యా అని అడగాలనిపిస్తుంది నాకు.

కెరీర్ మొత్తం మీద పట్టిన బంతులతో 22,895 గజాలు. ప్లాటు గజాలు కాదు బాబూ, పొడవు! దాదాపు 21 కిలోమీటర్లు, ఎవడో ఒకడు మీదపడి కుమ్ముతుండగా. రెండో స్థానంలో లారీ ఫిట్జెరాల్డ్, 17,492. ఆయన ఇంకో ఐదు సీజన్లు వెయ్యేసి గజాలు చేసినా అందడు.

కార్నర్‌బ్యాక్ గురించి వచ్చే వీడియోలో. అంటే గాల్లో ఉన్న ఇటుకని మధ్యలో తన్నుకుపోయేవాడు.