మెస్ బిల్లుతో మొదలుపెడదాం

అందరికీ నమస్కారం. సిస్టమ్‌లు ఇప్పుడే ఆన్ చేయకండి, ఎక్సెల్ గురించి ఐదు నిమిషాలు నా మాట వినండి.

డాన్ బ్రిక్లిన్ అనే ఆయన హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుకునే రోజుల్లో, బోర్డు మీద వేసిన లెక్కల పట్టికలో ఒక్క అంకె మారితే దాని కిందివన్నీ చెరిపి మళ్లీ రాయాల్సొచ్చేది. ఆ పనేదో యంత్రమే చేస్తే బాగుండునని ఆయనకు తోచింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి తయారుచేసిన విజిక్యాల్క్ అనే స్ప్రెడ్‌షీట్, అంటే గడుల పట్టికలో లెక్కలు చేసే ప్రోగ్రామ్, 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీదికి వచ్చింది. ఎక్సెల్ వచ్చింది 1985లో. అంటే ఈ స్ప్రెడ్‌షీట్ మీలాంటి ఒక విద్యార్థి విసుగులోంచి పుట్టిందే.

మరి మనమేం చేస్తున్నాం? క్యాలిక్యులేటర్‌లో లెక్క చేసుకుని, జవాబు తెచ్చి గడిలో టైప్ చేస్తున్నాం. నవ్వకండి, మొదట్లో నేనూ అంతే.

మీ హాస్టల్ మెస్ బిల్లే తీసుకోండి. ఎ కాలమ్‌లో పేర్లు, బి కాలమ్‌లో తిన్న రోజులు. రోజుకు 120 రూపాయలు, అది డి1 గడిలో. సి2లో సమానం గుర్తు కొట్టి, బి2 స్టార్ డి1 అని రాయండి, స్టార్ అంటే ఇక్కడ గుణకారం. 26 రోజులు తిన్నవాడికి 3,120 వస్తుంది. బాగుంది కదా అని ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగితే, రెండోవాడికి సున్నా! వాడు ఊరికే తిన్నట్టు. ఎందుకంటే కిందికి దిగేటప్పుడు బి2 బి3 అయినట్టే, డి1 కూడా డి2 అయింది. అక్కడేమో ఖాళీ. సి2 ఫార్ములాలో డి ముందొకటి, 1 ముందొకటి డాలర్ గుర్తు పెట్టి మళ్లీ లాగండి. ఇక అది కదలదు.

ఇంకో తంటా ఉంది. డోర్ నంబరు 3-5 అని కొట్టి చూడండి, తేదీ అయి కూర్చుంటుంది. ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. సున్నాతో మొదలయ్యే రోల్ నంబర్లకూ ఇదే మందు, లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది. ఇది మనకే కాదు, శాస్త్రవేత్తలకూ తప్పలేదు. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లు తేదీలైపోతుంటే వేగలేక, 2020 నాటికి ఆ పేర్లే మార్చుకున్నారు!

ఎక్సెల్ లేనివాళ్లు లిబ్రెఆఫీస్ క్యాల్క్ వేసుకోండి, ఉచితం. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉన్నా చాలు.

సరే, ఇప్పుడు ఆన్ చేయండి. మెస్ బిల్లు వేశాక డి1లో 120 తీసి 125 కొట్టండి. ఎంటర్ నొక్కేటప్పుడు మాత్రం కళ్లు సి కాలమ్ మీదే ఉండాలి.