ఏడు చింతపిక్కలు ఇవ్వు తల్లీ

(దృశ్యం: వేపచెట్టు నీడ. మట్టిలో చింతపిక్కల కుప్ప. నాలుగేళ్ల పాప గొంతుక్కూర్చుని ఉంది.)

వాయిస్: ఈ పాపకు ఒకటి నుంచి ఇరవై దాకా గడగడా వచ్చు. కానీ "ఏడు చింతపిక్కలు ఇవ్వు తల్లీ" అని అడిగితే, గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. లెక్కపెడితే పదకొండు!

ఇందులో పాప తప్పేమీ లేదు. అంకెలు తనకు పాటలా వచ్చాయి. ఏడు అంటే ఎన్నో చేతికి ఇంకా తెలియలేదు. పలక మీద ఏడు దిద్దించే ముందు, ఏడింటిని ముట్టుకోనివ్వాలి.

(దృశ్యం: క్లోజప్. పాప వేలు, ఒక పిక్క.)

వాయిస్: ఒక పిక్క పక్కకు జరిపాకే తర్వాతి అంకె చెప్పాలి. చిన్నపిల్లలకు నోరు వేలి కంటే ముందు పరుగెడుతుంది. జరపడం అలవాటైతే ఆ రెండూ కలిసి నడుస్తాయి. చివర్లో "మొత్తం ఎన్ని?" అని అడగండి. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టిందా? చివర చెప్పిన అంకే మొత్తమని ఇంకా పట్టుబడలేదన్నమాట. టెన్షన్ పడకండి, రేపు మూడు పిక్కలతో ఆడండి.

(దృశ్యం: అయిదేసి పిక్కలతో రెండు వరసలు. ఒకటి దగ్గరగా, ఒకటి ఎడంగా.)

వాయిస్: ఎక్కడ ఎక్కువున్నాయి? పాప ఎడంగా ఉన్న వరసనే చూపించింది. ఈ వయసులో చాలామంది అంతే. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1941లోనే దీని గురించి రాశారు. మీరు సరిదిద్దొద్దు. ఈ పిక్కకు ఆ పిక్క జతపెట్టి, తననే చూడనివ్వండి.

(దృశ్యం: మారేడు దళం, నూరువరహాల పువ్వు, ఒంటిరెక్క మందారం.)

వాయిస్: మారేడు దళం చూపించి వెంటనే దాచేయండి. ఎన్ని ఆకులు? మూడు! ఎంచకుండానే చెప్పేస్తారు. నూరువరహాలు, పేరులో నూరున్నా, పువ్వుకు రెక్కలు నాలుగే. మందారానికి అయిదు. చింతాకు రెమ్మనైతే జతలు జతలుగా తుంచమనండి. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి, సరిసంఖ్య అనే మాట రాకముందే ఆ సంగతి వేళ్లకు తెలుస్తుంది.

ఒక జాగ్రత్త: గన్నేరు, ఉమ్మెత్త విషం. వాటి జోలికి పోనివ్వకండి. ఏదైనా నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే పసివాళ్లకు గింజలు వద్దు, పెద్ద ఆకులివ్వండి.

(దృశ్యం: మట్టిలో గుంటలు.)

వాయిస్: ఇక మన వామనగుంటలు. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. చిన్నవాళ్లకు వరసకు మూడు చాలు. ఒక గుంటలోవి తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చేయి ఖాళీ అయ్యేదాకా లెక్కే.

(దృశ్యం: వారం తర్వాత. అదే చెట్టు, అదే పాప.)

వాయిస్: మళ్లీ ఏడు అడిగాను. ఒక్కొక్కటే జరిపి ఏడూ ఇచ్చింది. అంతలోనే ఒకటి లాక్కుని, "ఇప్పుడు నీకు ఆరే!" అంది.