సంక్రాంతికి కొన్న పూలచెట్టు మే నెలలో ఎందుకు బోసిపోతుంది?

జనవరిలో నర్సరీకి పోతారు. విరగబూసిన తొట్లు నాలుగు ఆటోలో వేసుకొస్తారు. మే వచ్చేసరికి మిద్దె మీద పుల్లలు మిగులుతాయి. ఇక మొదలు: "తిరుపతి ఎండకి ఏం బతుకుతాయిలే!" ఈ మాట వింటే ఒళ్లు మండుతుందండీ. తప్పు ఎండది కాదు, ఎంపికది.

తిరుమల కొండమీద దర్శనానికి జనాన్ని కూర్చోబెట్టే కంపార్ట్‌మెంట్లు చూశారు కదా. ఒకటి ఖాళీ అవుతుంటే ఇంకోదాని గేటు తీస్తారు, అందుకే లైను తెగదు. మీరేమో నాలుగు చెట్లనీ జనవరి కంపార్ట్‌మెంట్‌లోనే కూర్చోబెట్టారు!

ఎండాకాలం కంపార్ట్‌మెంట్ మల్లెది. దాని గేటు మార్చిలో తీస్తే తెరుచుకోదు. డిసెంబరులో వానలు తగ్గాక కొన్నాళ్లు నీళ్లు ఆపండి. కొమ్మల్ని నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయండి. తర్వాత మాగిన పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టండి. కొత్త చిగురుకే మొగ్గ వస్తుంది. కత్తెర వేయడానికి చెయ్యి రాక వదిలేస్తే గుబురు పెరుగుతుంది, పూలు పలచబడతాయి.

మల్లెకి తోడు కాగితంపూలు. రోజూ నీళ్లు పోసి "ఆకే గానీ పూలు లేవు" అంటారు. ఆకు కొంచెం వాలేదాకా ఆగి పోయండి.

చలికాలం కంపార్ట్‌మెంట్‌కి చామంతి, డిసెంబరం. చామంతి పిలకలు జూన్, జులైలో నాటి, ఆగస్టు దాకా కొసలు గిల్లుతుండాలి. రాత్రి పొడవైతేనే దానికి మొగ్గ. వీధిలైటు వెలుగు పడేచోట పెట్టారంటే చెట్టుకి రాత్రి అయినట్టే తెలీదు, ఇక మొగ్గేం వేస్తుంది!

నందివర్ధనం, మందారం, కనకాంబరం ఏ కంపార్ట్‌మెంట్‌కీ చెందవు, దాదాపు ఏడాదంతా లైన్లోనే ఉంటాయి. ముందు ఇవి కొని, తర్వాతే మిగతావి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. మందారానికి తెల్లటి పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. నూరువరహాలకి బోరు ఉప్పునీళ్లు పడవు. ఈనె పచ్చగానే ఉండి లేతాకు పసుపెక్కితే అది ఇనుము అందకపోవడం. లీటరుకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయండి. గన్నేరు ఎండకి మహా గట్టిది, కానీ ఆవులు తిరిగే వీధిగోడ పక్కన మాత్రం వద్దు, ఆకంతా విషమే.