ఫోన్-ఇన్: ఉగ్రవాదంపై పక్క దేశాలకు మన శిక్షణ

యాంకర్: నమస్కారం. ఉగ్రవాదాన్ని తమంతట తామే ఎదుర్కొనేలా మిత్రదేశాలను తయారుచేయడం ఎలా అన్నది ఈ వారం అంశం. పోలీసు శిక్షణ వ్యవహారాలు బాగా తెలిసిన నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ సిద్దిపేట నుంచి.

కాలర్ (సిద్దిపేట): హలో... వినపడుతుందా?

నిపుణుడు: వినపడుతోంది, చెప్పండి.

కాలర్: నమస్తే సార్. నేను రిటైర్డ్ టీచర్ను. మాల్దీవులకు మనం హెలికాప్టర్లు ఇచ్చినం, పోలీసు కాలేజీ కట్టిచ్చినం. తర్వాత వాళ్లే మన సైనికులను వాపస్ పొమ్మన్నరు. మా అల్లుడేమో, గది దౌత్యం మామా, నీకు సమజ్ కాదంటడు. ఇక్కడ మా స్టేషన్ల జీపు ఎప్పుడు చూసినా షెడ్డులనే ఉంటది. నిన్న గూడ...

యాంకర్: ప్రశ్న చెప్పండి సార్.

కాలర్: గదే, మన పైసలు వాళ్లకెందుకని?

నిపుణుడు: మాస్టారూ, 1988 నవంబరు గుర్తుందా? శ్రీలంక నుంచి కిరాయి సాయుధులు పడవల్లో మాలే మీదికి వచ్చారు. అక్కడ వాళ్లను ఆపే బలం లేదు. మన పారాట్రూపర్లు ఆగ్రాలో విమానం ఎక్కి, రెండు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి మాలే పక్కనే విమానాశ్రయం ఉన్న హుల్‌హులే దీవిలో దిగాల్సి వచ్చింది. ప్రతిసారీ అలా పరుగెత్తడం కన్నా, మొదటి కొన్ని గంటలు వాళ్లే తట్టుకునేలా చేయడం చవక. 2009 నుంచి రెండు దేశాల సైన్యాలు కలిసి చేస్తున్న ఏకువెరిన్ విన్యాసాలు అందుకే. మాల్దీవుల్లోని అడ్డూలో 2022లో ప్రారంభమైన పోలీసు కాలేజీ కూడా అందుకే. దానికీ హైదరాబాద్ శివరాంపల్లిలోని మన జాతీయ పోలీసు అకాడమీకీ ఒప్పందం ఉంది.

కాలర్: మరి హెలికాప్టర్లు?

నిపుణుడు: అక్కడే తేడా వచ్చింది. సామాను చేరినంత మాత్రాన సామర్థ్యం రాదు. రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ విమానం ఇచ్చాం. ఎక్కువగా రోగుల తరలింపుకు, సముద్రంలో గాలింపుకు వాడారు. నడిపిందీ, బాగుచేసిందీ మనవాళ్లే. 2024 మే 10 లోపు మన సైనికులు వచ్చేశారు, వాళ్ల స్థానంలో మన సివిలియన్ సిబ్బంది వెళ్లారు. ఆ వెంటనే మాల్దీవుల రక్షణ మంత్రి, వీటిని నడపగల పైలట్లు మా సైన్యంలో లేరని ఒప్పుకున్నారు. శిక్షణ మొదలుపెట్టారు గానీ పూర్తి కాలేదు.

కాలర్: గది సరే సార్, కానీ పైసలు మనవే కదా. మన జీపు...

నిపుణుడు: మీ జీపుదీ అదే జబ్బు మాస్టారూ! బండి ఇస్తారు, టైర్లకూ బ్యాటరీకీ పద్దు ఉండదు. ఏ దేశానికైనా పరికరం ఇచ్చే ముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా తేల్చుకోవాలి. మూడో ఏడు ఇంధనం ఎవరి బడ్జెట్లోంచి? విడిభాగాలు ఆ దేశంలో దొరుకుతాయా, ఓడలో రావాలా? మెకానిక్ ఎవరు, అతన్ని వేరే శాఖకు బదిలీ చేయకుండా ఎన్నేళ్లు ఉంచుతారు? మాన్యువల్ వాళ్ల భాషలో ఉందా? బదిలీ దగ్గరే కొంప మునుగుతుంది. బాంబు కుక్కను నడిపేవాణ్ని తీసుకెళ్లి ట్రాఫిక్‌లో వేస్తారు, కుక్క కొత్తవాడి మాట వినదు.

కాలర్: అరె, కుక్క సంగతి మంచిగ చెప్పిన్రు. మా ఇంట్ల గూడ...

యాంకర్: ధన్యవాదాలండి. విశాఖ నుంచి ఫోరెన్సిక్ విద్యార్థిని. చెప్పమ్మా.

కాలర్ (విశాఖ): సర్, పేలుడు జరిగిన చోటు గురించి విదేశీ పోలీసులకు మొదట ఏం నేర్పాలి?

నిపుణుడు: ముందు, లోపలికి పరుగెత్తొద్దని. దిల్‌సుఖ్‌నగర్‌లో 2013లో నిమిషాల తేడాలో రెండు పేలాయి. రెండోది లేదని బాంబు స్క్వాడ్ తేల్చేదాకా గాయపడ్డవాళ్లను బయటికి చేర్చడం తప్ప వేరే పని వద్దు. తర్వాత అన్నిటికన్నా దూరంగా పడ్డ ముక్కను వెతికి, ఆ దూరానికి ఒకటిన్నర రెట్ల దూరంలో, ఎవరూ లోపలికి రాకుండా చుట్టూ తాడు కట్టాలి. ముక్క 60 మీటర్లలో ఉంటే తాడు 90 దగ్గర. చాలాచోట్ల 20 మీటర్లకే కట్టేసి ఊరుకుంటారు, బాంబు సర్క్యూట్ ముక్క బయట కాళ్ల కింద నలిగిపోతుంది.

కాలర్: నమూనాలు సర్?

నిపుణుడు: వాడని కొత్త రేకు డబ్బాల్లో, గాలి దూరకుండా మూత బిగించి. మామూలు పాలిథిన్ కవరైతే పేలుడు పదార్థపు ఆవిరి తప్పించుకుంటుంది, పక్కదాని ఆవిరి లోపలికి చేరుతుంది. నమూనాకు ఒక జత గ్లవ్స్. పేలుడు తాకని మట్టి కూడా కొంచెం తీయాలి, లేకపోతే కోర్టులో పోల్చడానికేముంటుంది? ఇంకొకటి, ఫైరింజన్ నీళ్లు, వీఐపీ వస్తున్నాడని రోడ్డు కడగడం. సగం సాక్ష్యం కాలవలో పోతుంది. ఇంత నేర్పినా ఆ దేశపు ల్యాబ్‌లో పరీక్షించే రసాయనాలు అయిపోతే? సామాను చేరినంత మాత్రాన...

కాలర్: సామర్థ్యం రాదు! (నవ్వు)

నిపుణుడు: ఆఁ. బ్యాచ్‌కి 24 మంది మించొద్దమ్మా. మొదటిసారి మనం చెప్పాలి, రెండోసారి వాళ్లలో నలుగురు చెప్పాలి, మూడోసారి మనం వెనక బెంచీలో కూర్చోవాలి.

యాంకర్: అశోక్‌నగర్ నుంచి సివిల్స్ అభ్యర్థి.

కాలర్ (అశోక్‌నగర్): సర్, అమెరికా శిక్షణ ఇచ్చినా ఇరాక్ సైన్యం ఎందుకు విఫలమైంది?

నిపుణుడు: ఒక్క కారణమైతే కాదు బాబూ. జీతాల పట్టీ చూడు. 2014లో మోసుల్ నగరం ఐసిస్ ఉగ్రవాదుల చేతికి పోయాక, 50 వేల మంది లేని సైనికుల పేరిట జీతాలు వెళ్తున్నాయని వాళ్ల ప్రధానే ప్రకటించారు. కాగితం మీద ఉన్నవాడు తుపాకీ పట్టడు. వేలిముద్ర తీసుకుని, జీతం అధికారి చేతికివ్వకుండా నేరుగా ఖాతాలో వేయాలి. శిక్షణ ఆ తర్వాత.

యాంకర్: గుంటూరు. క్లుప్తంగా అడగండి.

కాలర్ (గుంటూరు): మనం నేర్పినవాళ్లే సొంత ప్రజల్ని హింసిస్తే ఎట్లా అండీ?

నిపుణుడు: ముఖ్యమైన ప్రశ్న. తీవ్రమైన హక్కుల ఉల్లంఘనకు పాల్పడిన దళానికి సాయం ఇవ్వకూడదని అమెరికాలో 1997 నుంచి లేహీ చట్టం ఉంది. దేశాన్ని కాదు, ఆ యూనిట్‌ని తనిఖీ చేస్తారు. కొట్టి ఒప్పించిన కేసు కోర్టులో నిలబడదు, పైగా...

యాంకర్: క్షమించాలి, రెండు నిమిషాలే ఉన్నాయి. మళ్లీ సిద్దిపేట మాస్టారే లైన్లో ఉన్నారు.

కాలర్ (సిద్దిపేట): సార్, ఒక్కటే. పైలట్ తయారు గావాలంటే ఎన్ని రోజులు?

నిపుణుడు: రోజుల్లో కాదు, ఏళ్లలో లెక్క. మెకానిక్‌కీ అంతే. అందుకే మనుషుల్ని ముందు పంపమనాలి, హెలికాప్టర్ తర్వాత.

కాలర్: అయితే మా జీపుకు...

యాంకర్: సమయం అయిపోయింది మాస్టారూ. ఇప్పుడు వార్తలు.