ఒలింపిక్స్‌లో క్రికెట్: ఆరు జట్లతో ఆట విస్తరిస్తుందా?

అందరికీ నమస్కారం.

2028లో లాస్ ఏంజెలెస్‌లో ఆడబోయేదే ఒలింపిక్స్‌లో తొలి క్రికెట్ అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కాదు, 1900లో పారిస్‌ ఒలింపిక్స్‌లో ఒకే ఒక్క మ్యాచ్ జరిగింది. బెల్జియం, నెదర్లాండ్స్ తప్పుకోవడంతో బ్రిటన్, ఫ్రాన్స్ మిగిలాయి. సైకిల్ పందేలు జరిగే మైదానంలో జట్టుకు పన్నెండు మంది చొప్పున రెండు రోజులు ఆడారు. రెండో ఇన్నింగ్స్‌లో ఫ్రాన్స్ 26 పరుగులకే ఆలౌటైంది. తమాషా ఏమిటంటే, ఆ ఫ్రాన్స్ జట్టులోనూ ఎక్కువమంది అక్కడ ఉంటున్న ఆంగ్లేయులే!

ఆ తర్వాత ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? అయిదు రోజుల ఆట అక్కడ ఇమడదన్న జవాబు 2003 దాకా చెల్లింది. ఆ ఏడాది ఇంగ్లండ్‌లో ట్వంటీ20 పుట్టాక చెల్లదు. ఇక అడ్డుపడింది ఆటను నడిపేవాళ్లే. ఇంగ్లండ్ బోర్డుకు ఒలింపిక్స్ సమయమంటే నిండు సీజన్. బీసీసీఐకేమో తన పెత్తనం ఎక్కడ పోతుందోనన్న బెంగ. 2019 దాకా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) డోపింగ్ పరీక్షలకే ఒప్పుకోలేదు. 2010, 2014 ఆసియా క్రీడల్లో క్రికెట్ ఉన్నా జట్లను పంపలేదు. చివరికి 2023 అక్టోబరులో ముంబయి సమావేశంలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) పచ్చజెండా ఊపింది. భారత ప్రసార హక్కుల మార్కెట్‌కు ఇందులో పాత్ర లేదంటే నేను నమ్మను.

సరే, వచ్చింది. ఎందరికి? పురుషుల్లో ఆరు జట్లు, మహిళల్లో ఆరు. అంతర్జాతీయ క్రికెట్ మండలి ఐసీసీలో సభ్య దేశాలు నూటికి పైనే. ఈ ఇరుకు మనకు కొత్త కాదు. 2007 ప్రపంచకప్‌లో 16 జట్లు ఆడాయి. ఆ టోర్నీలోనే ఐర్లండ్ పాకిస్థాన్‌ను ఇంటికి పంపింది, 2011లో ఇంగ్లండ్‌ను ఓడించింది. అందుకు మనమిచ్చిన బహుమతి? 2019కి ప్రపంచకప్‌ను పది జట్లకు కుదించాం, ఐర్లండ్‌కు చోటే దక్కలేదు. ఐసీసీ 2024-27 ఆదాయ పంపకంలో బీసీసీఐ వాటా దాదాపు 38 శాతం, తొంభైకి పైగా అసోసియేట్ (టెస్టు హోదా లేని) దేశాలన్నిటికీ కలిపి సుమారు 11 శాతం. సంపాదించేవాడికి ఎక్కువ రావాలన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ లెక్కన కొత్తగా సంపాదించేవాడు ఎప్పటికీ తయారవడు.

డబ్బు ఒక్కటే ఉన్నా చాలదు. 2024 టీ20 ప్రపంచకప్ కోసం న్యూయార్క్‌లో నెలల వ్యవధిలో 34 వేల సీట్ల తాత్కాలిక స్టేడియం కట్టారు. పిచ్‌లను ఫ్లోరిడాలో ట్రేలలో పెంచి, లారీల్లో తెచ్చి పరిచారు. అవి కుదురుకోలేదు. ఒక బంతి లేస్తే ఇంకోటి మోకాలి కిందికి దూసుకెళ్లేది. శ్రీలంక 77కి, ఐర్లండ్ 96కి ఆలౌటయ్యాయి. కప్పు ముగియకముందే స్టేడియాన్ని విప్పేయడం మొదలుపెట్టారు. అదే టోర్నీలో డల్లాస్‌లో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్థాన్‌ను ఓడించింది. స్టేడియం కంటే ఆ ఒక్క మ్యాచే అక్కడ ఆటకు ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం.

ఇంకో చిక్కు. వెస్టిండీస్ అనే దేశం లేదు, అది కరీబియన్ దీవుల ఉమ్మడి క్రికెట్ జట్టు. ఒలింపిక్స్‌లో బార్బడోస్, జమైకా ఎవరికి వారే. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లోనూ ఆ దీవులు విడివిడిగానే ఆడాయి. ఇక అఫ్గానిస్థాన్: పురుషుల జట్టు మేటి జట్లను ఓడిస్తోంది, మహిళా క్రీడాకారిణులు దేశం విడిచి ఆస్ట్రేలియాలో తలదాచుకున్నారు. స్త్రీ పురుష సమానత్వం గురించి మాట్లాడే వేదికపైకి ఈ ప్రశ్నను ఐసీసీ ఏ ముఖంతో తీసుకెళ్తుంది?

అయినా నేను ఒలింపిక్స్ ప్రవేశాన్ని సమర్థిస్తాను. చాలా దేశాల్లో ప్రభుత్వాలు నిధులిచ్చేటప్పుడు ముందు చూసేది ఒలింపిక్ క్రీడా, కాదా అనే. థాయ్‌లాండ్ మహిళలు 2020 టీ20 ప్రపంచకప్ దాకా రాగలిగారంటే, అలాంటి జట్లకు సొంత ప్రభుత్వ ఆసరా దొరికితే ఇంకెంత దూరం వెళ్తాయో! అయితే ఆ జట్లకు నాలుగేళ్లకోసారి వచ్చే పతకం ఆశ కాదు, ఏటా పెద్ద జట్లతో నాలుగు మ్యాచ్‌లు కావాలి. ఆ మ్యాచ్‌ల క్యాలెండర్ ఐఓసీ చేతిలో లేదు, ఐసీసీ చేతిలో, పెద్ద బోర్డుల చేతిలో ఉంది.

ఇక మీ ప్రశ్నలకు వద్దాం.